సుగుణ నంబరు

జూన్ 2
ఆ రోజు సంగతి రాయాలని మూడు నెలలుగా అనుకుంటున్నాను. ఇంతే. పొద్దున సుగుణ అరగ్లాసు గంజి తాగింది. పదకొండింటికి తల దువ్వమంది. నాకు చేతకాలేదు. "వల చిక్కు తీస్తా ఉండావా ఏందయ్యా..." నవ్వింది. మధ్యాహ్నం — "నేను పోయినాక ఇంట్లో కూర్చోబాక. మళ్ళీ రొయ్యల గుంటల మీదికి పో." నాలుగు దాటాక ఊపిరి ఆగింది. సాయంత్రం నుంచి తన ఫోను మోగుతూనే ఉంది. ఎవరికి ఏం చెప్పాలో తెలియక ఆపేశాను. బీరువాలో చీరల మీద పెట్టాను. ఇంకా అక్కడే ఉంది.

జూన్ 5
బయోడేటా ఇంకో పది జిరాక్సులు. ఎప్పుడో సుగుణ టైపు చేయించినదే. రొయ్యల చెరువుల టెక్నీషియన్, పద్నాలుగేళ్ళ అనుభవం. తన జబ్బు కోసం నేను పని మానేసిన ఏడాది అందులో లేదు. చిట్టమూరు వైపు నాలుగు చోట్ల ఇచ్చాను.
"ఫోన్ చేస్తాం అన్నా, మీరు పోండి."

జూన్ 9
ఫోన్ రాలేదు.

జూన్ 14
తడ వెళ్ళాను. రొయ్యల ప్యాకింగ్ యూనిట్. గేటు దగ్గరే కాగితం తీసుకున్నారు. "వయసెంత సార్?" నలభై ఏడు. "ఫోన్ చేస్తాంలే సార్..."
బస్సులో కిటికీ పక్క సీటు వదిలి కూర్చున్నాను. అలవాటు.

జూన్ 15
వంకాయ కూర మాడింది. తిన్నాను.

జూన్ 21
స్నానానికి వెళ్తే తలుపు బయట నా ఫోను పెట్టుకుంటున్నాను. వారంలో రెండుసార్లే మోగింది. ఒకటి రాంగ్ నంబరు. ఒకటి పాస్టరుగారు — "మీ ఉద్యోగం ప్రార్థనలో పెట్టినాం బ్రదర్." బయోడేటా కూడా అక్కడే ఇవ్వాల్సిందేమో.
నీళ్ళ రంగు చూసి రొయ్య సంగతి చెప్పగలను. ఒక్కడికీ అక్కర్లేదా? ఫోను గోడకేసి కొట్టబోయి ఆగాను. తుడిచి బల్ల మీద పెట్టాను.

జూన్ 26
చిట్టమూరు బస్టాండులో శీనయ్య. పాత గుంటల మీద నాతో పనిచేసినవాడు, ఇప్పుడు అక్కడి కొత్త చెరువులకు సూపర్‌వైజరు. మొహం ముడుచుకుని ఉన్నాడు.
"ఏందన్నా, పని కావాలని కాయితం ఇచ్చి ఫోను ఆపేస్తే ఎట్ట?"
ఆపలేదన్నాను.
"మా ఆఫీసోళ్ళు నాలుగు దినాలు చేసినారు. ఎప్పుడు చూసినా స్విచాఫే. ఈయనకి పని అక్కర్లేదురా అన్నాడు మా సారు."
సంచిలోంచి బయోడేటా తీశాను. అడుగున ఉన్న నంబరు సుగుణది.
చెరువుల మీద ఉండేవాళ్ళం మా నంబరు ఇవ్వం. చేతులెప్పుడూ తడి, ఫోను షెడ్డులో. ఇంట్లోవాళ్ళ నంబరే ఇస్తాం. ఎవరు చేసినా తనే తీసేది, సాయంత్రం చెప్పేది. పద్నాలుగేళ్ళు. ఇప్పటికి ముప్పై కాగితాలు పంచి ఉంటాను. ఒక్కటీ కిందిదాకా చదవలేదు.
చెప్పాను. శీనయ్య కాగితం చేతిలోకి తీసుకుని ఆ నంబరు చూశాడు. "వదిన నంబరా..."
తర్వాత — "ఇంకో రెండు చెరువులకి రొయ్య పిల్ల వదలతా ఉండారు. మనిషిని ఇంకా పెట్టలేదు. రేపు పదిలోపల రా, సారు ఉంటాడు. వేరే నంబరు రాసుకోని రా అన్నా."

అదే రోజు, దీపాల వేళ
ఆ నంబరు కొట్టేసి నాది రాయాలి. పెన్ను తీశాను. మూత పెట్టేశాను.
బీరువా తెరిచాను. ఫోను చల్లగా ఉంది. ఏడాది రీఛార్జి చేయించుకుంది, ఇంకా గడువుంది. ఎవరెవరు చేసి ఉంటారో... ఆన్ చేయలేదు.
కాగితం అలాగే ఉంచాను.
రేపు పొద్దున ఐదింటికి లేచి తన ఫోను ఛార్జింగ్ పెడతాను. దాన్ని చొక్కా జేబులో వేసుకుని ఏడింటి బస్సుకు చిట్టమూరు వెళ్తాను. దారిలో మోగితే నేనే తీయాలి.