కురమోచి గారికి వద్దని చెప్పు

అన్నయ్యకు,

కమలా కోతలు అయిపోయాయి, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీకు కోపం వచ్చే సంగతి ముందే రాసేస్తాను. నా రేసు సైకిల్ నీకు సైకిల్ చేసిన కురమోచి గారి చేత చేయించుకోవడం లేదు. నువ్వు ఆయనకు మాట ఇచ్చావని తెలుసు. క్షమాపణగా ఇచ్చే మిఠాయి పెట్టె నేను పంపుతాను, వద్దన్న మాట మాత్రం నువ్వే చెప్పాలి.

ఆయన మర్యాదస్తుడే. ఒంటి కొలతలు తీసుకునే సైకిల్ ఎక్కించి, "అమ్మగారికి ఇబ్బందిగా లేదు కదండీ?" అని వంగి మరీ అడిగారు. నాకేమో నడుం విరిగిపోతోంది. అలా అడిగితే నిజం ఎలా చెప్తాం? "అబ్బే, హాయిగా ఉందండీ" అన్నాను. ఆయన అదే రాసుకున్నారు.

తర్వాత ఆ సకాయి ఊళ్లోనే సైకిళ్లు చేసే ఇసోబే అనే ముసలాయన దగ్గరికి వెళ్లాను. అక్కడా కొలతల సైకిల్ ఎక్కి, అలవాటుగా హాయిగా ఉందన్నాను.

"అబద్ధాలకు నేను సైకిల్ చెయ్యనమ్మా. తిట్టు వచ్చేదాకా తొక్కు" అన్నాడు.

తొక్కాను. చెమటలు కారాయి. చివరికి, "చాల్లే ముసలాడా, నడుం పోయింది, పిర్రలు మండిపోతున్నాయి!" అని అరిచాను.

"హమ్మయ్య, ఇప్పుడు కొలత దొరికింది" అని హ్యాండిల్ పైకెత్తాడు.

ఈ వయసులో నేను చేయించుకునేది ఇదొక్కటే సైకిల్. మోకాళ్లు పనిచేసినన్నాళ్లు దాని మీద కొండ ఎక్కాలని ఉంది. అందుకే పని అతనికే అప్పగించాను.

ఇంకొక్క మాట. కురమోచి గారు నీకు చేసిన సైకిల్ మూడేళ్లుగా గోడకు వేలాడుతోంది, వదిన దుమ్ము దులుపుతోంది. నువ్వు కూడా హాయిగా ఉందనే చెప్పావు కదూ?

నీ చెల్లెలు