జీపు వెంట వచ్చిన దూడ

అమ్మా, నువ్వు విన్న ఆ ఏనుగు పడదోసిన జీపు నాది కాదు, నేను కులాసా.

ఈ రోజు మారా అభయారణ్యంలో యాత్రికులకు సింహాన్ని చూపిస్తుంటే, మంద నుంచి తప్పిపోయిన వైల్డ్‌బీస్ట్ దూడ ఒకటి మా జీపునే తల్లి అనుకుని పక్కన చేరింది.

"నీ బండికి పొదుగెప్పుడొచ్చిందిరా కొయినెట్?" అన్నాడు పక్క జీపు తోలే పర్సలోయ్.

మా బండిలో పెద్దావిడ మాత్రం, "సింహం రేపూ ఉంటుంది. దీన్ని మందలో కలుపు నాయనా" అంది.

దూడ నడకకు తగ్గట్టు మెల్లగా తోలాను. మందలో తల్లి దాన్ని వాసన చూసి పాలకు నిలబడింది.

మన చుక్కల ఆవు ఇంకా దూడను తంతోందా? నాన్న అమ్మేస్తానంటే నేనొచ్చేదాకా ఆగమను. దూడ వీపుకు ఉప్పు పట్టించు. ఒక్కసారి నాకితే చాలు, ఇక వదలదు.

నాన్నకు దండాలు, చెల్లికి దీవెనలు.

నీ కొడుకు
కొయినెట్