ఖాళీ చీటీ

జూన్ 8, ఆదివారం

'తోకచుక్క' పదిహేడో సంచికకు కథలు వచ్చేశాయి. మొత్తం ఇరవై మూడు. నూట నలభై కాపీలు వేసే పత్రికకు ఇన్ని కథలా! తెలుగులో సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళకంటే రాసేవాళ్ళే ఎక్కువైపోయినట్టున్నారు.

పొద్దున్న పాసింజర్‌లో కడియం నుంచి సామర్లకోట వెళ్ళాను. ఎప్పటిలాగే లోకనాథ్ గారి వరండాలో మీటింగ్. ఆయన పోస్టల్‌లో సార్టింగ్ చేసి రిటైరయ్యారు. రాకెట్లూ రోబోలూ ఆయనకు పట్టవు. ఇంతవరకు ఒక్క కథ కూడా చదవలేదు. అందుకే ఆయన్ని పెట్టుకున్నాం. కథలన్నీ ఆయన అడ్రసుకే వస్తాయి. పేరున్న ముక్క కత్తిరించి చిన్న కవర్లో పెట్టి అంటిస్తారు. కథ మీద ఎర్ర సిరాతో నెంబరు వేస్తారు. నాకో కాపీ, ఉదయ్‌భాస్కర్‌కో కాపీ. ప్రతి కథకూ ఇద్దరం చెరో చీటీ రాయాలి. ఎవరు 'వద్దు' అన్నా ఆ కథ లేనట్టే, ఆ చీటీని లోకనాథ్ గారు రాసినవాళ్ళకు పోస్ట్ చేస్తారు. మా సొంత కథ మీద మేము తీర్పు చెప్పకూడదు కాబట్టి, అప్పుడు చీటీ ఖాళీగా మడిచి ఇవ్వాలి. చదవడానికి కుదరకపోయినా ఖాళీయే. అందువల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఈ రూల్ పదకొండేళ్ళ క్రితం ఉదయ్ పెట్టిందే. స్నేహం కథకు అడ్డం రాకూడదండీ అన్నాడు.

ఈ రోజు ఉదయ్ రాలేదు. వైజాగ్‌లో చీరల లోడు చూసుకోవాలట. పెద్దాపురంలో వాళ్ళ బట్టల కొట్టు, లోడ్లు, వసూళ్ళు అన్నీ వాళ్ళన్నయ్య జానకిరామ్ గారే చూస్తారు. ఎప్పుడూ లేనిది ఈయన వెళ్ళడమేంటో.

ఎదురుపడితే మీరు, అండి, గారు. పదకొండేళ్ళలో ఇద్దరం అది దాటలేదు. డైరీలో మాత్రం ఉదయ్ అని రాసుకుంటాను. ఇక్కడ ఎవరు చూస్తారు.

జూన్ 11, బుధవారం

నర్సరీలో మూడు లారీలు లోడ్ చేయించాను. పూణేకి గన్నేరు, హైదరాబాద్‌కి క్రోటన్లు. మా సంచికల కట్టలు కూడా ఈ లారీల్లోనే మొక్కల మధ్య కూర్చుని వెళ్తాయి. ఈసారి మీ ఆకాశం మొక్కలు ఎప్పుడండీ అని డ్రైవర్ దొరబాబు అడిగాడు. జులైలో అన్నాను. నీళ్ళు పొయ్యాలాండీ అన్నాడు.

జూన్ 14, శనివారం

కథలు చదవడం అయిపోయింది. తొమ్మిది బాగున్నాయి. పదమూడు చెత్త. ఒకదాంట్లో గ్రహాంతరవాసి అన్నవరం కొండెక్కి తలనీలాలు ఇస్తాడు. నవ్వొచ్చి ఉంచేశాను.

ఇరవై మూడోది చిరాకు తెప్పించింది. నెప్ట్యూన్ అవతల ఒక స్టేషన్. అందులో ఒకే మనిషి. రోజూ భూమికి వాతావరణం రిపోర్టు పంపుతాడు. గాలే లేని చోట వాతావరణం ఏంటి! ఇక్కడ ఒకావిడ అది చూసుకుని 'అందింది' అని ఒక్క మాట తిరిగి పంపుతుంది. ఆ మాట అక్కడికి చేరడానికి నాలుగున్నర గంటలు. ఇలా పదకొండేళ్ళు. కథ అంతే. ఆయనేమీ అడగడు, ఆవిడేమీ అనదు.

చీటీ మీద ఇలా రాశాను: 'భాష బాగుంది. మనిషి లేడు. వీడికి ఏం కావాలో చివరిదాకా నోరు విప్పి చెప్పడు. చెప్పే ధైర్యం లేనివాడు కథలెందుకు రాయాలి? వద్దు.'

కొంచెం ఘాటుగానే పడింది. నిన్నటి నుంచి ఉదయ్ ఫోన్ ఎత్తడం లేదు. అత్త మీద కోపం దుత్త మీద.

జూన్ 15, ఆదివారం

ఉదయ్ ఈసారి కూడా రాలేదు. చీటీలు మాత్రం పోస్టులో పంపాడు. ఇరవై రెండు రాసి ఉన్నాయి. ఇరవై మూడోది ఖాళీ. చివరిది చదవడానికి బద్ధకించినట్టున్నాడు. పదిహేడు సంచికల్లో ఉదయ్ ఒక్క కథ రాసింది లేదు. రివ్యూలు, ఉత్తరాలకు జవాబులు, లేఅవుట్, అంతే. నాకు రాయడం రాదండీ, చదవడం వచ్చు అంటాడు.

నా ఇరవై మూడో చీటీ చూసి, ఇది పంపకుండా ఉంచమంటారా అని లోకనాథ్ గారు అడిగారు. ఎందుకండీ అన్నాను. మళ్ళీ అడిగారు. రూల్ రూలేనండీ, పోస్ట్ చేసెయ్యండి అన్నాను. ఆయన చీటీని కవర్లో పెట్టి నాలుకతో తడిపి అంటించారు.

జూన్ 24, మంగళవారం

లేఅవుట్ ఫైల్ వచ్చింది. 'అందింది' అని మెసేజ్ పెట్టి తెరిచి చూస్తే పేజీలన్నీ తారుమారు. మడిచి పిన్ను కొడితే తొమ్మిదో పేజీ పక్కన ఇరవై రెండు వస్తుంది. ఉదయ్ పనిలో ఇలాంటి తప్పు ఎన్నడూ చూడలేదు. ఒళ్ళు మండింది. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. కొట్టు పనులు ఎక్కువైతే ముందే చెప్పాలండీ, మీ వల్ల కాకపోతే నేనే నేర్చుకుంటాను అని.

గంట తర్వాత జవాబొచ్చింది. నేర్చుకోండి మీనా గారూ, మంచిదే అని.

జూన్ 26, గురువారం

లేఅవుట్ నేర్చుకోవడం నా వల్ల కాదు.

జులై 3, గురువారం

ఉదయ్‌భాస్కర్ పోయాడు.

జులై 4, శుక్రవారం

నిన్న పదకొండింటికి నర్సరీ ఆఫీసులో ఉండగా జానకిరామ్ గారు ఫోన్ చేశారు. పాంక్రియాస్ క్యాన్సరట. మార్చిలోనే తెలిసిందట. వైజాగ్ వెళ్ళింది చీరల లోడుకి కాదు.

పెద్దాపురంలో మరిడమ్మ జాతర. బస్సు ఊరి బయటే ఆపేశారు. డప్పులు, బూరలు, గాజుల అంగళ్ళు. ఆ జనంలో పడి నడుచుకుంటూ వెళ్ళాను. ఒకావిడ నా చేతిలో కుంకుమ పొట్లం పెట్టింది. అది పట్టుకునే వాళ్ళింటికి చేరాను. గుమ్మం దగ్గర చూసుకుని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మీరెవరండీ అని ఎవరో పెద్దావిడ అడిగారు. పత్రిక వాళ్ళమండీ అన్నాను. పేపరు వాళ్ళనుకుని ఫోటో చూపించారు.

ఏడవలేదు. అక్కడ ఏడవడానికి నేనెవర్ని.

జులై 9, బుధవారం

లారీలు. లేబుళ్ళు. క్రోటన్‌కి గన్నేరు లేబుల్ కట్టాను. దొరబాబు చూసి మార్చాడు.

జులై 13, ఆదివారం

లోకనాథ్ గారు రమ్మన్నారు. నేను కూర్చోగానే చిన్న కవర్ ఒకటి నా ముందు పెట్టారు. మీద ఎర్ర సిరాతో 23.

తెరిచాను. కత్తిరించిన ముక్క మీద కె. ఉదయ్‌భాస్కర్, పెద్దాపురం.

ఆ రోజు రెండుసార్లు అడిగానండీ మిమ్మల్ని అన్నారు. ముప్పై ఏళ్ళు పోస్టల్‌లో చేసినవాణ్ణండీ, కవర్లో ఏముందో తెలిసినా నోరు మెదపకూడదండీ, పాడు నోరు, ఆ ఒక్కసారీ మెదిపితే పోయేదండీ అని ఏడ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషిని ఓదార్చడం నాకు రాలేదు. పక్కన కూర్చున్నాను.

చీటీ ఎప్పుడు పోస్ట్ చేశారని అడిగాను. జూన్ పదహారున అన్నారు. అడ్రసు కొట్టుదే.

జులై 14, సోమవారం

సెలవు పెట్టాను. ఇరవై మూడో కథ మళ్ళీ చదివాను. నాలుగుసార్లు.

పదకొండేళ్ళు అని అక్కడే రాసి ఉంది. ఖాళీ చీటీ నా చేతిలోనే ఉంది. రూల్ నాకు తెలుసు. ఇంకేం కావాలి నాకు, దండోరా వేయించాలా?

ఫోన్‌లో మా మెసేజ్‌లు మొదటి నుంచీ చూశాను. ఆయన ఫైళ్ళు పంపాడు, రివ్యూలు పంపాడు, పెద్దాపురంలో వాన పడుతోందని పంపాడు. కడియంలో కూడా పడుతోందా అని అడిగాడు. ప్రతిదానికీ నా జవాబు ఒక్కటే. అందింది. అందింది. అందింది. వానకి కూడా.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నాకు ఆయనంటే ప్రేమ. ఆదివారం మీటింగ్ కోసం శనివారమే చీర తీసి పెట్టుకునేదాన్ని. ఆయన బండి సందు మలుపు తిరిగే చప్పుడు నాకు తెలుసు. నలభై రెండేళ్ళొచ్చాయి, ఇది ఒక్కసారి కూడా నోటితో అనలేదు. కాగితం మీద కూడా ఇదే మొదటిసారి. ఇలాంటిదాన్ని ధైర్యం గురించి చీటీ రాశాను.

ఆ చీటీ ఆయన చదివాడా? నాకు కావలసింది ఇప్పుడు అదొక్కటే. హాస్పిటల్లో ఉన్న మనిషికి కొట్టు అడ్రసుకి వచ్చిన ఉత్తరం ఎవరిస్తారు? ఇచ్చి ఉండరు. దేవుడా, ఇచ్చి ఉండకూడదు.

జులై 19, శనివారం

కర్మలన్నీ అయ్యాయని జానకిరామ్ గారు కొట్టుకు పిలిచారు. తమ్ముడి ల్యాప్‌టాప్ బ్యాగ్ ఇచ్చారు. ఇందులోవి మాకు అర్థం కావండీ, మీ పుస్తకం సామాన్లు మీ దగ్గరే ఉండాలి అన్నారు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడండీ, ఆవిడకి తెలిస్తే ఇష్యూ ఆగిపోద్ది అన్నాడండీ అన్నారు. పేజీలు తప్పు వచ్చాయని మీరు తిట్టిన వాయిస్ కూడా విన్నాడండీ, ఆ వేళ చెయ్యి నిలబడట్లేదండీ వాడికి అన్నారు.

బ్యాగ్‌లో పోస్ట్ కవర్ ఉంది. బ్లేడుతో అంచు వెంట నీటుగా కోసి ఉంది. ఉదయ్ ఏ కవరైనా అలాగే కోస్తాడు.

ఇది చదివాడా అండీ అని అడిగాను. చదివాడండీ, నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను అన్నారు. ఏమన్నాడు అన్నాను. ఏమీ అన్లేదండీ, నవ్వాడు, ఆయాసం వచ్చేదాకా నవ్వి మంచినీళ్ళు అడిగాడు అన్నారు. ఎలాంటి నవ్వండీ అన్నాను. ఆయన పాపం మడత పెడుతున్న బట్ట పక్కన పెట్టారు. నవ్వేనండీ అన్నారు.

నా చీటీ మీద 'చెప్పే ధైర్యం లేనివాడు' అన్న చోట పెన్సిల్‌తో టిక్ ఉంది. ప్రూఫ్ చూసేటప్పుడు నా వాక్యం సరిగ్గా ఉంటే ఆయన పెట్టే టిక్. దాని వెనక ఇంకో కాగితం ఉంది. ల్యాబ్ రిపోర్ట్ వెనక వైపు, వణికిన అక్షరాలు:

'ఇరవై మూడు, రెండోసారి. మైనస్ రెండు వందల ఇరవై. గాలి లేదు. ఈ రోజు వాతావరణం కాక ఇంకొకటి చెప్పాలి. మీరు'

అక్కడ ఆగిపోయింది. కింద కాగితం అంతా తెల్లగా ఉంది.

కొట్టు ముందు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. జాతర జనం చుట్టూ తిరిగి వెళ్ళారు. ఎవరండీ ఈవిడ అని లోపల ఎవరో అడిగారు. మావాడి మనిషండీ అన్నారు జానకిరామ్ గారు.

జులై 20, ఆదివారం

తిరగరాసిన కథ కొత్త కథ కిందే లెక్క, రూల్ ప్రకారం కొత్త నెంబరు. లోకనాథ్ గారు ఎర్ర సిరాతో 24 వేశారు. ఇద్దరు చదవాలి కదండీ, రెండో మనిషి ఎవరు అన్నాను. కళ్ళజోడు తెచ్చుకుని ఆయనే చదివారు. 'మీరు' దగ్గర వేలు పెట్టి, తర్వాత ఏంటండీ అన్నారు. ఆయన చదివిన మొదటి కథ.

నాకు తెలియదన్నాను. కాగితం తిరిగి తీసుకుని, ఆ తెల్లటి చోట అడుగున 'అందింది' అని రాశాను.

జులై 21, సోమవారం

చివరి మాట నాది కాబట్టి, ఇరవై నాలుగో కథకు నా చీటీ ఖాళీగా మడిచి ఇచ్చాను.