రెండు మిల్లీమీటర్ల వాలు

అక్కా, నేను కులాసా, దిగులు పెట్టుకోకు.

తెలిసిన ప్రతి రేణువుకీ కనపడని జోడీ ఉందేమోనని, రేణువుల్ని ఢీకొట్టించి వెతుకుతున్నాం కదా. జోడీ ఉంటే, తెలిసినదాని బరువు లెక్కకన్నా రవ్వంత తేడాగా రావాలి. మా ఆశ కొలతలో చొరబడకుండా అసలు అంకెను మూడేళ్లు మాకే కనపడకుండా దాచి, నిన్న తెరిచాం. తేడా వెంట్రుకవాసి కూడా లేదు. "జోడీలు లేవని ఎవరన్నారు? ఉంటే మనం అనుకున్నదానికన్నా బరువైనవి" అంటూ మా ల్యాబు పెద్దాయన టీ కలుపుకున్నాడు.

నా నీలం స్వెట్టరు పంపు. వంటింటి గోడకి చెమ్మ తగ్గిందా?

అలవాటుకొద్దీ నీ చివరి నాలుగు పోస్టుకార్డులూ స్కేలు పెట్టి కొలిచాను. వరసలు ఒక్కో కార్డుకి ఇంకో రెండు మిల్లీమీటర్ల చొప్పున కిందికి వాలుతున్నాయి. కళ్ల డాక్టరు ఏమన్నాడు? బావగారికి నమస్కారాలు. "బాగానే ఉన్నాను" అని రాశావంటే, ఆ వరసనీ కొలుస్తాను.

నీ చెల్లి