కట్టు గ్రూపు నుండి నా కుడి మోకాలిని తొలగించవలసిందిగా

తిరుపతి,
ప్రిన్సిపాల్ గారును, పరిశోధనల నైతిక సమితి అధ్యక్షులును అయిన తమ సముఖమునకు,

అయ్యా,

విషయం: పుత్తూరు కట్టు కట్టించుకున్నవారి గ్రూపు నుండి నా కుడి మోకాలిని తొలగించుట, తదుపరి శస్త్రచికిత్సకు సెలవు మంజూరు చేయుట గురించి.

ఎం.బి.బి.ఎస్. మూడవ సంవత్సరం చదువుచున్న యువరాజ్ అను నేను కుంటుతూ వచ్చి తమ గుమాస్తా గారికి సమర్పించుకొను విన్నపము.

1. నేనును, నా సహాధ్యాయిని మోనికయు, ఎముకల విభాగపు డాక్టర్ బాలచంద్ర గారి పర్యవేక్షణలో ఒక పరిశోధన చేయుచున్నాము. కబడ్డీ ఆడుతూ మోకాలి లిగమెంటు తెంచుకున్నవారిలో ఆపరేషన్ చేయించుకున్నవారు ఎట్లున్నారు, పుత్తూరు నాటు వైద్యుల ఆకుపసరు కట్టుతో సరిపెట్టుకున్నవారు ఎట్లున్నారు అని పోల్చి చూచుట దాని ఉద్దేశము. ఉద్దేశములో దోషమేమియు లేదు.

2. కార్వేటినగరం జట్టు వారు మా ప్రశ్నలకు జవాబు చెప్పుటకు నిరాకరించిరి. జట్టు కెప్టెన్ చిన్నబ్బ, "ఏమబ్బా డాక్టరూ, గీత బయట నిలబడుకోని స్కేలు పెడితే మా నొప్పి నీకేం తెలుస్తాది? ఒగ పొద్దు మాతో ఆడు. ఆ పైన నువ్వేం అడిగినా సెప్తాం" అనెను. పరిశోధన నిమిత్తమే ఆడితిని. మొదటి కూతకే నా చీలమండ పట్టుకొనిరి. ఒళ్ళు ఒక దిక్కుకు, మోకాలు ఒక దిక్కుకు పోయినవి. లోపల టప్పుమని శబ్దము వచ్చినది. ఈ శబ్దము గురించి పరీక్షలో వ్రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినను అమ్మా అని అరిచినాను.

3. అంతకు కొద్దిసేపటి క్రితమే నేను ఆ జట్టును కూర్చోబెట్టి, "కాలు మెలిపడితే కట్టుకు పోవద్దు, నేరుగా ఆసుపత్రికి రండి" అని ఉపన్యసించియున్నాను. వారు చప్పట్లు కొట్టినారు. ఆ చేతులతోనే నన్నెత్తి ఆటోలో వేసినారు. తిరుపతి, తిరుపతి అని నేను అరుచుచునే ఉన్నాను. తిరుపతికి పోవు దారిలోనే పుత్తూరు ఉండుట నా దురదృష్టము. ఆటో అక్కడ ఆగినది. "ఊరుకోప్పా, నువ్వు నొప్పిలో ఉండావు, నీకిప్పుడేం తెలీదు" అని చిన్నబ్బ నన్ను భుజాన వేసుకొని లోపలికి నడిచెను.

4. అచ్చట వరుసలో ఎర్ర అంచు తువ్వాలును తలకును ముఖమునకును చుట్టుకొనిన ఒక పెద్దమనిషి కూర్చునియుండిరి. నా టీషర్టు మీద కళాశాల పేరు చూడగానే తువ్వాలును ముక్కు మీదికి లాగుకొని, తన స్థానము నాకిచ్చి చివరికి వెళ్ళి కూర్చుండిరి. ఆయన మేలు మరువలేను. కట్టు కట్టినవారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఎముకే అయివుంటే అతుక్కునేది. నాకు తెగినది ఎముక కాదు, అంతే.

5. విషయము తెలిసి మోనిక బస్సెక్కి పుత్తూరుకు వచ్చినది. పరామర్శకు వచ్చినదనుకొని సంతోషించితిని. ఆమె సంచిలోంచి కోణము కొలుచు పరికరము తీసి, "కదలగాకు, కొలత తప్పుతాది" అన్నది. కొలిచిన తరువాత, "నిన్ను కట్టు గ్రూపులో ఎక్కించేసినా" అన్నది. ఎట్లున్నావని నేటి వరకు అడగలేదు.

6. ఆ గ్రూపులోని తక్కినవారు ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరు చెన్నై కంపెనీలకు పోయినారు, కొందరు నంబర్లు మార్చినారు. ఒకాయన మోనిక గొంతు వినగానే "ఆయన లేడు" అని తానే చెప్పుచున్నాడు. పారిపోవుటకు కాలు సహకరించక హాస్టల్లోనే మిగిలిపోయినవాడిని నేనొక్కడినే. నేను ఆపరేషన్ చేయించుకుంటే కట్టు గ్రూపు ఖాళీ అగునట. "తొందరేముందయ్యా? కాన్ఫరెన్స్ అయిపోనీ. అంతవరకు నువ్వు కట్టు మనిషివే" అని డాక్టర్ బాలచంద్ర గారు నా సెలవు చీటీ మీద సంతకము పెట్టుటకు నిరాకరించిరి.

7. రోగులకిచ్చు అంగీకార పత్రమును తెలుగులో వ్రాసినది నేనే. "ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తప్పుకోవచ్చు" అను వాక్యము నాదే. అది చూపగా మోనిక, "అది పేషెంట్లకు రాసింది గదరా, నీకా?" అన్నది. పోనీ పేషెంటుగా సిక్ లీవు ఇప్పించమంటే పరిశోధకుడవన్నారు. పరిశోధకుడిగా హాజరు వేయమంటే, ఆ రోజుల్లో మంచం మీద ఉన్నావు కదా అన్నారు. ఆకుపసరు కంపు భరించలేక నా గదిలోనివారు వరండాలో పండుకొనుచున్నారు. ఇది తమ పరిధిలోనికి రాకపోవచ్చును.

8. ఇంతవరకు వ్రాసినది పక్కన పెట్టినా ఫరవాలేదు సార్, ఇది మాత్రం చదవండి. చిన్నబ్బకు కూడా లిగమెంటు తెగిపోయింది. నాకన్నా చాలా ముందే. మోకాలు జారినప్పుడల్లా పోయి కట్టు కట్టించుకుని మళ్ళీ ఆడుతున్నాడు. ఇన్నిసార్లు కట్టు మార్చినవాడు లెక్కకు పనికిరాడని మోనిక ఆయన్ని గ్రూపులో ఎక్కించలేదు. ఇంకోసారి జారితే లోపల మిగిలింది కూడా చిరుగుతుందని ఇక్కడి డాక్టర్లు చెప్పినారు. జాతర పోటీల్లో దిగుతానంటున్నాడు. ఎంత బతిమాలినా, "డాక్టరు సదివేటోడివి, నీకే కట్టు సాలిందంటే నాకెందుకబ్బా కోత? మొదుట నువ్వు కోయించుకో, నేను సూస్తా. నువ్వు నడిస్తే నేనూ వస్తా" అంటున్నాడు. నాకు భయంగా ఉంది. నా మోకాలి గురించి కూడా భయమే, కానీ ఆయన నా కాలు చూస్తూ కూర్చున్నాడు. నేను కట్టుతో కుంటుతున్నన్నాళ్ళు ఆయన కట్టుతోనే ఆడతాడు. కాన్ఫరెన్స్ జాతర తర్వాత.

కావున నైతిక సమితి అధ్యక్షుల హోదాలో తమరు నా మోకాలిని సదరు గ్రూపు నుండి విముక్తము చేసి, ప్రిన్సిపాల్ హోదాలో బుధవారము నాటి ఆపరేషన్‌కు సెలవు మంజూరు చేయగలరు. ఒక్క సంతకముతో రెండును కాగలవు. నేను రోగినో పరిశోధకుడినో తేల్చుట తరువాతనైనను కావచ్చును. ముందు మోకాలిని దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
ఒంటికాలిపై నిలుచున్న తమ విధేయుడు,
యువరాజ్

తా.క.: ఈ అర్జీని మోనిక ఇప్పుడే చదివింది. నాలుగో అంశం దగ్గర ఆగి, "ఆ తువ్వాలాయన ఎవురురా? మోకాలికేనా వచ్చినాడు? ఆయన్ని పట్టిస్తే నిన్ను ఇప్పుడే వదిలేస్తా" అని ఎగిరింది. తెలియదని చెప్పినాను.

నిన్న తమరి గదికి వచ్చినప్పుడు ఆ ఎర్ర అంచు తువ్వాలు తమరి కుర్చీ వీపు మీద ఆరేసి ఉంది సార్. తమరు లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచినారు. నేను ఎవరికీ చెప్పలేదు. సంతకం పెట్టినా, పెట్టకపోయినా చెప్పను.

చిన్నబ్బ కింద మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఏమాయ, ఇడిసినారా నిన్ను?" అని పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ వినేట్టు అడుగుతున్నాడు.

తమరిది కూడా ఎముక కాదేమో, ఒకసారి స్కాన్ తీయించండి సార్. భయమైతే మొదట నేను కోయించుకుంటాను, తమరు చూడండి.