తప్పుల్లేని ఒక్క వాక్యం

ఓడ వంటింటికి దొరసాని, మన ఇంటికి మాత్రం బహుదూరపు యజమానురాలు అయిన మా ఆవిడకి,

మీ ఆయన అనేక దండాలతో రాసుకుంటున్నది. ఇక్కడ అమ్మాయీ నేనూ క్షేమం. గిన్నెలే, నీ చెయ్యి పడక మాడి మసైపోయి, అంత క్షేమంగా లేవు. అక్కడ నువ్వూ, నీ గరిటె కింద బతుకుతున్న ఆ ఇరవై రెండుమంది ఓడవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు, పదకొండు ప్రశ్నలు, రెండే తిట్లు. తిట్లు తగ్గాయేమిటి, ఒంట్లో బాగుండటం లేదా?

అమ్మాయి తింటోందా అని మొదటి ప్రశ్న. తింటోంది. నా పక్కనే కూర్చుని, నా పళ్ళెంలోంచి కూడా లాక్కుని తింటోంది. స్నానాలగదిలో అద్దం మీద కప్పిన తువ్వాలు తీసేసింది. నువ్వు చెప్పినట్టే నేను ఆ ఊసెత్తలేదు. ఒక రోజు పనినుంచి వచ్చేసరికి తువ్వాలు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది, అంతే. నిద్రమాత్ర సగం చేశారు డాక్టరుగారు. బడికి వారంలో నాలుగు రోజులు వెళ్తోంది. అయిదో రోజు కూడా వెళ్ళమని నేను అనడం లేదు. అయిదో తరగతితో బడికి నమస్కారం పెట్టినవాణ్ని, నేనేం మొహంతో అంటాను?

"ఫోన్ మీద దావా ఏమిటండీ, ఫోన్ ఏమన్నా మనిషా?" అని అడిగావు. దావా ఫోన్ మీద కాదు. పిల్లలు బొమ్మలు పెట్టుకుని, నచ్చితే గుండె గుర్తులు నొక్కుకునే ఆ యాప్ ఉంది చూడు, దాని కంపెనీ మీద. పిల్లలు వదల్లేకుండా ఉండాలని కావాలనే అలా తయారుచేశారని, దానివల్లే తన మనసు చెదిరి ఆసుపత్రి పాలయ్యానని మనమ్మాయి వాదన. ఇలాంటి దావాలు ఇంకా నలభై ఇళ్ళవాళ్ళు వేశారట. కంపెనీవాళ్ళేమో మనదాన్ని మొదట్లోనే కొట్టేయమని అర్జీ పెట్టుకున్నారు. పిల్ల చెడింది మావల్ల కాదు, ఇంట్లోవాళ్ళ వల్ల అని. కొట్టేస్తే ఇక అంతే, ఈ పిల్ల నోరు తెరిచి చెప్పుకోవడానికి చోటే ఉండదు. పోయిన మంగళవారం విచారణ. ఏమైందో చెబుతాను, కానీ వరసలో చెబుతాను. చివరి పేజీ తిప్పి చూడకు, నీ సంగతి నాకు తెలుసు.

"కోర్టులో మీరు వేషాలెయ్యలేదు కదా?" అని ఇంకొకటి. ఇరవై ఏళ్ళ కాపురంలో నా మీద నీకున్న నమ్మకం ఇదీ. ఆ కోర్టు లిఫ్టు నాకంటే పాతది. ఆ పొద్దున కంపెనీ లాయరు, కోటు మీద ఒక్క ముడత లేని మనిషి, ఇస్త్రీ లాయరని పేరు పెట్టాను నేను, ఫైళ్ళతో సహా రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయాడు. ఒట్టు, నేను కాదు. ఆయన లోపల తలుపులు బాదుతుంటే అందరూ నాకేసే చూశారు. నేను లిఫ్టు మెకానిక్‌నని తెలియనివాళ్ళు కూడా! నా మొహం రాత అంత. ఒక్క గంట అలాగే ఉంచితే బాగుండునని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. కానీ లోపలినుంచి మనిషి గొంతు వినిపిస్తే నా చేతులు ఊరుకోవు. మెషిన్ గదికెళ్ళి, బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి అంతస్తుకి దించాను. మూడుమూలల తాళంచెవితో తలుపు తీశాను. కోటు బాగా నలిగింది. అందులో నా పాపమేమీ లేదు.

గంట తర్వాత అమ్మాయి బోనులో నిలబడింది. నీ బూడిదరంగు స్వెట్టరు వేసుకుంది, చేతులు పొడుగై వేళ్ళమీదికి జారుతున్నాయి. ఇస్త్రీ లాయరు తీయగా మొదలుపెట్టాడు.

"ఆ యాప్ తెరవమని నిన్నెవరైనా బలవంతం చేశారామ్మా? నొక్కిన వేలు నీదే కదా?"

"నాదేనండి."

"మరింకేం?"

"పొద్దున లిఫ్టులో బటన్ నొక్కిన వేలు కూడా మీదేనండి. మా నాన్నగారు మిమ్మల్ని బయటికి తీశాక, ఎందుకెక్కారు, ఎందుకు నొక్కారు అని అడిగారా? ఇరవై ఆరేళ్ళుగా జనాన్ని తీస్తున్నారు, ఎవర్నీ అడగలేదు. లిఫ్టుకేమైందనే చూస్తారు."

కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు, కలం కిందపెట్టి మళ్ళీ తీసుకున్నారు. అది నవ్వే. నేను పక్కనున్న పెద్దావిడతో "మా అమ్మాయండీ" అన్నాను. "తెలుసు నాయనా, ఇది మూడోసారి చెప్పడం" అందావిడ.

మురిసిపోయావు కదా? ఇప్పుడు గరిటె పక్కన పెట్టి కూర్చో.

"మీ గొంతులో ఏదో తేడా ఉంది, నా దగ్గరేదో దాస్తున్నారు" అని రాశావు. దాస్తున్నాను. ఏడాదిన్నరగా దాస్తున్నాను.

అమ్మాయి లిఫ్టుల్లో నిలబడ్డ మనుషుల బొమ్మలు గీసి ఆ యాప్‌లో పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో, నేను "తోకపిట్ట" అని దొంగపేరుతో అందులో దూరాను. సరదా, ఇంకేముంటుంది నా బుర్రలో. ఎదురుగా పొగడటం నాకు చేతకాదని నీకు తెలుసు. మెషిన్ గదుల్లో పనిలేక కూర్చున్నప్పుడల్లా ప్రతి బొమ్మకీ ఒక గుండె నొక్కి, కింద ఒక మాట గిలికేవాణ్ని. ఇంటికొచ్చాక పిల్ల ఆ మాటలు చూసి ఎగురుతుంటే, "ఎవడే ఆ పిట్ట, పనీపాటా లేదా వాడికి?" అని నేనే వెక్కిరించేవాణ్ని. ఎంత మజాగా ఉండేదో.

తర్వాతిది నీకు తెలిసిందే. దేనికెన్ని గుండెలొచ్చాయన్న యావ పట్టుకుంది. బొమ్మలు పోయి తన మొహం పెట్టడం వచ్చింది, పెట్టినదాన్ని తీసేసి మళ్ళీ పెట్టడం వచ్చింది, అద్దానికి తువ్వాలు వచ్చింది. నీకు తెలియంది ఒకటుంది. మధ్యలో ఒకసారి, ఎవరూ చెప్పకుండానే, పిల్ల తనంతట తాను ఆ యాప్ తెరవడం మానేసింది. తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులూ పెన్సిలు పట్టుకుంది. పదో రోజు తోకపిట్ట దగ్గర్నుంచి ఒక కబురు వెళ్ళింది. మళ్ళీ తెరిచింది. మూడు వారాలకి నువ్వు ఓడ దిగి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చావు. అక్కడ బెంచీ మీద కూర్చుని "బాగుపడుతున్న పిల్ల మళ్ళీ దాంట్లో ఎందుకు పడిందండీ" అని నన్నడిగావే, అప్పటికి నాకు జవాబు తెలుసు. తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. నీకు చెప్పలేదు, పిల్లకి చెప్పలేదు, మన లాయరమ్మకీ చెప్పలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇస్త్రీ లాయరు పట్టాడు. లిఫ్టు మాటకి మండిపోయి ఉన్నాడేమో, ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పడేశాడు.

"తోకపిట్ట అనే పేరుతో ఈ అమ్మాయికి వచ్చిన ఆరువందల పదకొండు మాటలు. పంపిన ఫోన్ ఈమె తండ్రిది. మానేసిన పిల్లకి పదో రోజున ఏమని పంపారో వినండి: 'నీ అద్భుతమైన చిత్రాలు లేక నా రోజులు శూన్యంగా ఉన్నాయి, ధైర్యంగా తిరిగి రా.' వెనక్కి లాగింది మా కంపెనీయా, కన్నతండ్రా?"

లాయరమ్మ నాకేసి తిరిగి చూసింది. నేను లేచి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు, కాళ్ళే లేచాయి.

"నేనేనండి. నొక్కింది నేనే. కానీ ఆ మాట నాది కాదండి."

జడ్జిగారు నన్ను బోనెక్కించి ప్రమాణం చేయించారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రోజు ఫోన్ దానంతటదే మోగింది. "మీ నేస్తం తొమ్మిది రోజులుగా కనబడటం లేదు. ఒక్క మాటతో వెనక్కి పిలవండి" అని ఉంది. కింద మూడు వాక్యాలు వండి వడ్డించి ఉన్నాయి. మధ్యది కాస్త చదువుకున్నవాడి మాటలా ఉందని దాన్ని నొక్కాను. ఇంతే.

"దావా నిలబెట్టుకోవడానికి ఇప్పటికిప్పుడు అల్లుతున్నారు" అన్నాడు ఇస్త్రీ లాయరు.

"ఆ కాగితం ఒకసారి ఇస్తారా?" అంది అమ్మాయి. చదివింది. మళ్ళీ చదివింది. మొహంలో ఏదో ఆరిపోయినట్టయింది, నేను చూశాను. గొంతు మాత్రం తొణకలేదు.

"మా నాన్నగారు నిజమే చెబుతున్నారండి. ఇందులో తప్పుల్లేవు."

"తప్పుల్లేకపోతే?"

"ఆయనకి వత్తులు రావండి, శ కూడా రాదండి."

జడ్జిగారు నాకు కాగితం, కలం ఇప్పించి, అదే వాక్యం చదువుతూ నాచేత రాయించారు. ఈ వయసులో, చొక్కా దోపుకుని, నిండు కోర్టులో డిక్టేషన్! మూడు తప్పులు దొర్లాయి: అద్బుతం, సూన్యం, దైర్యం. "కావాలని తప్పులు రాస్తున్నాడు" అని ఎగిరాడు ఇస్త్రీ లాయరు. జడ్జిగారు ఆయన ఇచ్చిన కాగితాల కట్టనే తిరగేస్తూ, "మిగతా ఆరువందల పదీ మీరు దాఖలు చేసినవే కదా. ఇవి కూడా కావాలనే రాశారంటారా?" అన్నారు. "బలే గీసావ్ బంగారు" అని పైకే చదివారు. నా చదువుకి జన్మలో మొదటిసారి మర్యాద దక్కింది.

(ఈ ఉత్తరంలో తప్పుల్లేవేమిటని నీకు అనుమానం వస్తుంది. చేతిరాత నాదే, వత్తులు అమ్మాయి పెట్టింది. మాట మాత్రం ఒక్కటీ మార్చకూడదని ఒప్పందం.)

ఆ పిలుపూ, ఆ మూడు వాక్యాలూ నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. కోర్టువాళ్ళు ఫోన్‌ని కవరులో పెట్టి సీలు వేసుకున్నారు. నిన్న ఉత్తర్వు వచ్చింది. కంపెనీ అర్జీ కొట్టేశారు. మన దావా నిలిచింది. అలాంటి వండిన కబుర్లు ఎందరి చేత ఎందరు పిల్లలకి పంపించారో కంపెనీ బయటపెట్టాలన్నారు. లాయరమ్మ ఆ నలభై ఇళ్ళకీ కబురు చేసింది. గెలుపు ఇంకా దూరమేనట, ఏళ్ళు పట్టినా పట్టొచ్చునట. పట్టనీ. మన పిల్ల మాట వినకుండా ఇక ఎవరూ లేచి వెళ్ళలేరు.

అయితే నేను నీకు చెప్పుకోవాల్సింది అది కూడా కాదు.

విచారణ అయ్యాక మెట్లమీదుగా దిగుతున్నాం. అమ్మాయి అంది:

"తోకపిట్ట నువ్వేనని నాకు మొదటి వారమే తెలుసు నాన్నా."

"తెలిసీ ఆ కబురుకి ఎందుకొచ్చావే? మీ నాన్న వేళాకోళం నీకు తెలియదా?"

రెండు మెట్లు దిగి నాకేసి తిరిగింది.

"అందులో తప్పుల్లేవు కదా. ఎవరినో అడిగి, దిద్దించుకుని, కష్టపడి రాశావనుకున్నాను. ఎప్పుడూ వెక్కిరిస్తావు, ఆ ఒక్కటీ నిజంగా అన్నావనుకున్నాను."

నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను, చక్కగానే ఉన్నదాన్ని.

"అయితే నా బొమ్మలు నీకు నచ్చలేదా?" అంది.

ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లిఫ్టులో నిలబడ్డ ఆ ఇద్దరు అక్కాచెల్లెళ్ళ బొమ్మ ఉంది చూడు, అందులో తలుపు తప్పు వేశావు."

"ఏం తప్పు?"

"ఒకే పక్కకి జరిగే తలుపుకి రెండు రేకులుంటే రెండు పట్టాలుండాలి. నువ్వు రెంటినీ ఒకే పట్టా మీద నిలబెట్టావు. అది చచ్చినా తెరుచుకోదు. వాళ్ళిద్దరూ ఇప్పటికీ లోపలే ఉన్నారు పాపం."

ఉన్నచోటే ఆగిపోయింది. "ఏడాదిన్నర నుంచి చూస్తూ, ఇప్పుడా చెప్పేది?" అని కోర్టు మెట్ల మీద నిలబడి నా మీద అరిచింది. ఎంతకాలమైందో ఆ పిల్ల అలా గొంతెత్తి. లాయర్లు, గుమాస్తాలు అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

మర్నాడు పొద్దున నాతో పనికి వచ్చింది. మెషిన్ గదిలో బోర్లించిన డబ్బా మీద కూర్చుని పట్టాలు, చక్రం, బ్రేకు అన్నీ పేర్లడిగి మరీ గీసింది. నేను రెండు తప్పులు చూపించాను. ఒకటి ఒప్పుకుంది, రెండోదానికి నాతో పోట్లాడింది. వెళ్ళి చూస్తే తనదే రైటు. ఆ తర్వాత నన్ను గీసింది. ముక్కు ఇంత పెద్దది కాదు, దిద్దు అన్నాను. "పెన్సిలు పెట్టి కొలిచే వేశాను నాన్నా, కదలకు" అంది. కదలకుండా కూర్చున్నాను. నేను, కదలకుండా, ముప్పావుగంట!

ఆసుపత్రి బెంచీ మీద నువ్వడిగిన రోజే చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పాను. దానికి నువ్వేమన్నా పడతాను. ఆ బొమ్మ ఈ కవరులోనే పెడుతున్నాను. నా మీద కోపమొచ్చినప్పుడల్లా దానికేసి చూసి తిట్టుకో, కానీ వంటింటి గోడకి అంటించి తిట్టు, ఆ ఇరవై రెండుమందీ చూస్తారు. ఎవరు గీశారని అడిగితే చెప్పు. మూడుసార్లు చెప్పినా తప్పులేదు.

ఇట్లు,
ఆ పిల్లకి నాన్న,
నువ్వు ఒప్పుకుంటే ఇంకా నీకు మొగుడు.