మునిలక్ష్మిని పిలిచిన సోమవారం

జిగణి,
మంగళవారం సాయంత్రం.

ప్రియమైన అమ్మకు,

వనజ వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను. ఆదోనిలో నువ్వూ, తమ్ముడు దామోదర్, మరదలూ అంతా క్షేమమేనని నీ ఉత్తరం చూసి సంతోషించాను. ఫోనులో మాట నీకు సరిగా వినపడదు గనుక మనకు ఈ ఉత్తరాలు మిగిలాయి. నాకైతే ఇవే ఇష్టం, ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. గార్మెంట్సులో నన్ను ఇంకా కాలర్లు కుట్టే లైనులోనే ఉంచారు. నా స్నేహితురాలు మునిలక్ష్మి ఎలా ఉందన్నావు. బాగుంది. ఆమె సంగతి కొంచెం పెద్దది, తర్వాత రాస్తాను.

మా చర్చి యూత్ మీటింగ్ గురించి అడిగావు. పాస్టరుగారు దాన్ని నాకప్పగించి నాలుగు నెలలైంది. ఆదివారం మధ్యాహ్నం రేకుల హాల్లో పాటలు, వాక్యం, ఆ తర్వాత పక్క స్థలంలో త్రోబాల్. వచ్చేది ఏడుగురే. ఏడుగురితో రెండు జట్లు ఎలా అవుతాయి? "వచ్చే వారం తలా ఒక ఫ్రెండును పిలుచుకొని రండి" అని మూడు వారాలు చెప్పాను. కొత్తగా ఒక్కరూ రాలేదు. మూడో వారం కోపమొచ్చి, "పిలవడానికి మీకు నోరే లేదా?" అని గట్టిగా అనేశాను.

ప్రియాంక అని పదహారేళ్ల పిల్ల ఉంది. మాట పైకి రాదు. అది తల దించుకొనే అడిగింది: "అక్కా, నువ్వెవుర్ని పిల్చుకోనొచ్చినావు?"

నేనూ ఒక్కరినీ పిలవలేదు.

అమ్మా, ఇప్పుడు నిజం చెబుతాను, కోప్పడకు. ఈ మూడేళ్లుగా మునిలక్ష్మి గురించి నీకు రాసినవేవీ జరగలేదు. కలిసి తిన్నదీ లేదు, సినిమాకు వెళ్లిందీ లేదు. ఆమె నా పక్క మిషను మీద కుట్టే మనిషి, అంతే. "కత్తెర ఇయ్యి" తప్ప మా మధ్య మాటల్లేవు. నేను మెట్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని బాక్సు తినేదాన్ని. నువ్వు దిగులు పడతావని మొదటిసారి రాశాను, తర్వాత ఆపడం చేతకాలేదు. ఆమెకని నువ్వు పంపిన శనక్కాయల పొడి కూడా నేనే తిన్నాను.

ప్రియాంక అలా అడిగిన మర్నాడు, సోమవారం, భోజనం గంట కొట్టగానే మునిలక్ష్మి వెనకాలే ఆమె తినే చోటికి వెళ్లాను. "ఆదివారం మా చర్చిలో పిల్లలకు పాటలు, ఆటలు ఉంటాయి. నువ్వూ వస్తావా?" అని ఎలాగో అడిగాను.

ఆమె చేతిలో ముద్ద ఆపి నన్ను చూసింది. "ఏమప్పా, మూడేండ్లకి నోరు తెరిసినావే! నీకి గర్వమనుకుంటి నేను."

"గర్వం కాదు, భయం."

"నాకి మీ పాటలు రావు మళ్లా."

"వింటూ కూర్చో, చాలు. తర్వాత త్రోబాల్ ఆడదాం."

"త్రోబాలా? ఇస్కూల్లో నేనే క్యాప్టన్ని!" అంటూ తన బాక్సు నా వైపు జరిపింది. రాగిముద్ద, ఆకుకూర పులుసు. ఆ రోజు నుంచి నేనూ అక్కడే తింటున్నాను.

ఆదివారం ఆమె నాతో వచ్చింది. పిల్లల ముందు నిలబడి నా భయమంతా చెప్పాను. వాళ్లను కసిరినందుకు క్షమించమన్నాను. అప్పుడు వాళ్లూ నోరు విప్పారు. రేకుల హాలు చూసి కాలేజీవాళ్లు నవ్వుతారని శివ అనే కుర్రాడికి బెరుకట. ప్రియాంకకు, పిలిస్తే రామంటారని భయం.

"రామంటే అననీ పాపా, ఇంకొకర్ని పిలువు. నేను రాలేదా?" అంది మునిలక్ష్మి.

మొన్న ఆదివారం ఎంతమంది వచ్చారనుకున్నావు? పందొమ్మిది మంది! ప్రియాంకే ముగ్గురిని తెచ్చింది. చాపలు చాలక సగం మంది గోడనానుకొని నిలబడే పాడారు. శివ స్నేహితులు రేకుల వైపు చూడనే లేదు, ఆట ఎప్పుడని ఒకటే తొందర. మునిలక్ష్మి కొంగు బిగించి విసిరిన బంతిని పట్టబోయి నేను బురదలో కూలబడ్డాను. ప్రియాంక పడీపడీ నవ్వింది. అది అంత గట్టిగా నవ్వగలదని మాకెవరికీ తెలియదు.

వచ్చే నెల సెలవుల్లో మునిలక్ష్మి, ఆమె పాప నాతో ఆదోని వస్తామంటున్నారు. ఈసారి నిజంగానే అమ్మా. ఇదిగో, వీధిలోంచి కేకేస్తోంది: "అమ్మకి రాసేది ఐనాదా లేదా? సంత ఎత్తేస్తారు, రా!"

వెళ్లొస్తాను.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న కూతురు,
వనజ